గోడ వైపు అతుకు

కొంతకాలంగా శశిభూషణ్‌కి అన్నం సయించడం లేదు, నిద్ర పట్టడం లేదు. అడిగినవాళ్లకి పని ఒత్తిడి అని చెబుతున్నాడు.

సముద్రం ఒడ్డున ఉన్న ఆ అణువిద్యుత్ కేంద్రంలో మొదటి రియాక్టరు పైపు ఒకటి పగులిచ్చింది. ఆపద సమయంలో రియాక్టరు వేడెక్కిపోకుండా నీళ్లు పంపే పైపు అది. పక్కనున్న వాల్వు మార్చడానికి వచ్చినవాళ్ల కంటపడింది కాబట్టి సంగతి బయటికొచ్చింది. అతుకు దగ్గర, గోడ వైపున, పైపు మందంలో పావువంతు లోతుకు దిగింది పగులు.

నిరుడు ఎండాకాలంలో ఆ అతుకును పరీక్షించి, లోపమేమీ లేదని సంతకం పెట్టినవాడు శశిభూషణ్.

అసలు నిజం అతనొక్కడికే తెలుసు. ఆ పైపు గోడను రాసుకుంటున్నట్టే పోతుంది. వెనక వైపున పరికరం ఆనించాలంటే చెయ్యి మెలితిప్పి, చెంప గోడకు ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోవాలి. పైగా ఒళ్లంతా కప్పే దుస్తుల్లో ఉడికిపోతున్నాడు. ముందు వైపు చూశాడు, బాగానే ఉంది. వెనకా అలాగే ఉంటుందిలే అనుకున్నాడు. అతుకు చుట్టూ చూసినట్టు రాసేసి బయటపడ్డాడు. అదే వారంలో రెండో రియాక్టరు పైపుల్ని కూడా అలాగే చూశాడు.

అతనికి ఆ విద్య నేర్పినవారు పేర్రాజు మాస్టారు. లోహంలోకి ధ్వని తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి కంటికి కనపడని పగుళ్లు పట్టే విద్య అది. ఇప్పుడు మాస్టారు తనిఖీల నియమాలు తయారుచేసే సంఘానికి పెద్ద. ఏ భాగాన్ని ఎన్నేళ్లకోసారి పరీక్షించాలో ఆ సంఘం తేలుస్తుంది. పగులు బయటపడ్డాక నియమం మార్చాల్సి వచ్చి, చిత్తు రాసే పని మాస్టారు శశిభూషణ్‌కే అప్పగించారు. "నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో చెయ్యి తిరిగినవాడు" అని నలుగురి ముందూ చెప్పి మరీ అప్పగించారు. శశిభూషణ్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ రోజు మాస్టారు అతన్ని పక్కకి పిలిచి ఒక్క మాట అడిగారు.

"గోడ వైపు చెయ్యి పట్టిందా?"

"పట్టిందండీ."

మాస్టారు తలూపారు. అంతకుముందు అబద్ధం కాగితానికి చెప్పాడు. ఇది గురువు మొహం మీదే చెప్పాడు. రెండోది చెప్పడం మొదటిదానికంటే తేలిగ్గా ఉండటం చూసి అతనికి భయం వేసింది.

సిగ్గుపడే మనిషి ఊరికే కూర్చోడు, సాకు వెతుక్కుంటాడు. శశిభూషణ్‌కి మంచి సాకే దొరికింది. నిరుడు పగులు లేదని కాగితం చెబుతోంది. ఇప్పుడు పావువంతు ఉంది. అంటే ఏడాదిలోనే అంత పెరిగినట్టు లెక్క. అంత జోరుగా పెరిగేదాన్ని ఇప్పటిలా ఐదేళ్లకోసారి చూస్తే సరిపోదు, రెండేళ్లకోసారి చూడాలి. తను నోరు విప్పకపోతే నియమం గట్టిపడుతుందే గాని సడలదు. ఇందులో ఎవరికి నష్టం? తన అబద్ధం వల్ల దేశానికి మేలే జరుగుతోందని కూడా ఒకనాడు అనిపించింది. అలా అనిపించినందుకు ఆ పూటంతా తన మొహం తనే అద్దంలో చూసుకోలేకపోయాడు.

చిత్తు పూర్తిచేసి, కేంద్రం అతిథిగృహంలో దిగిన మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన మొదటి నుంచి చివరిదాకా నిదానంగా చదివారు.

"గట్టిగానే రాశావు."

"తప్పదు కదండీ."

"మరి రెండో రియాక్టరు సంగతేమిటయ్యా? అది నడుస్తోందిగా?"

"దాన్ని నిరుడు నేనే చూశానండీ. రెండేళ్ల లెక్కన వచ్చే ఎండాకాలానికి మళ్లీ చూడాలి. అప్పటిదాకా ఆపక్కర్లేదు."

ఆ మాటలు నోట్లోంచి వస్తుంటే తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. మాస్టారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"పద, ఒకసారి చూసొద్దాం," అన్నారు.

రెండో రియాక్టరును ఆనుకుని ఉన్న భవనంలో, సందులాంటి పొడవాటి గదిలో ఉన్నాయి ఆ పైపులు. మామూలప్పుడు వాటిలో నీళ్లు కదలవు. అవసరం పడితే పనిచేస్తుందో లేదో చూడటానికి నెలకోసారి పంపు వేస్తారు. ఆ రోజు ఆ పనే జరగబోతోంది. నూకరాజు అనే ఆపరేటరు ఒక చేత్తో గోడకున్న ఫోను పట్టుకుని మీటరు దగ్గర నిలబడి ఉన్నాడు.

"దండాలండి మాస్టారూ! ఇప్పుడే పంపు ఏస్తారండి. సప్పుడు ఎక్కువుంటాది, సెవులు మూసుకోండి బాబూ."

మాస్టారికి మోకాళ్ల నొప్పులు. కూర్చోవడానికి చోటు వెతుక్కుంటూ నడిచి, ఒక అతుకు కిందనున్న ఇనప దిమ్మె దగ్గర ఆగారు. పైకి చూశారు.

"ఇది నువ్వు చూసిన అతుకేనా?"

"అవునండీ."

"అయితే ఫరవాలేదు," అంటూ దాని కింద కూర్చున్నారు. పైపు ఆయన హెల్మెట్‌కి జానెడు ఎత్తులో ఉంది. వెనక్కి జారగిలబడి కళ్లు మూసుకున్నారు.

పంపు మొదలైంది. నీళ్లు ఒక్కసారిగా తోసుకొచ్చేసరికి పైపు అదిరింది. ఆ అదురు కాళ్ల కింద నేలలో కూడా తెలిసింది.

శశిభూషణ్ ఆ అతుకు వంకే చూస్తున్నాడు. ఇటువైపు నున్నగా, శుభ్రంగా ఉంది. అటువైపు ఏముందో అతనికి తెలియదు. పావువంతు ఉందో, సగం ఉందో, అసలేమీ లేదో ఎవరికీ తెలియదు. చూడాల్సినవాడు తను, తను చూడలేదు.

"మాస్టారూ, ఇవతలికి రండి."

ఆ మోతలో ఆయనకి వినపడలేదో, వినపడనట్టు ఉన్నారో.

"లేవండి మాస్టారూ! లేవండి!"

మాస్టారు కళ్లు తెరిచారు. "ఎందుకయ్యా? నువ్వు చూసిందే కదా?"

శశిభూషణ్ ముందుకు దూకాడు. ఇన్నేళ్లలో పాదాలు తప్ప ముట్టుకోని గురువును రెండు రెక్కలూ పట్టుకుని లేపాడు. ఆయన మోకాళ్ల సంగతి కూడా మరిచిపోయి తలుపు దాకా లాక్కొచ్చాడు.

"గోడ వైపు నేను చూడలేదండీ," అన్నాడు. మోతలో వినపడాలంటే అరిచి చెప్పాల్సి వచ్చింది. "అక్కడా చూడలేదు, ఇక్కడా చూడలేదు. మీరు అడిగినప్పుడు కూడా అబద్ధమే చెప్పాను."

మాస్టారు తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంతో కొంత బరువు తగ్గేది. ఆయన నలిగిన చొక్కా చేతులు సర్దుకుని, వచ్చిన దారి వంక తిరిగి చూశారు. గది చివర నూకరాజు మీటరు మీదనుంచి చూపు తిప్పకుండా నిలబడి ఉన్నాడు. అదే పైపు, ఇంకో అతుకు, అతని తల మీదుగా పోతోంది.

"నన్ను లాక్కొచ్చావు," అన్నారు మాస్టారు. "నేను ఈ ఒక్క రోజు కూర్చున్నాను. అతను నెలనెలా అక్కడే నిలబడతాడు."

శశిభూషణ్ వెనక్కి నడిచాడు. మొహం చెవులదాకా మండిపోతోంది. నూకరాజు అతన్ని చూసి నవ్వాడు.

"ఏటయిందండి బాబూ? మాస్టారికి ఒంట్లో బాగులేదా?"

శశిభూషణ్ అతన్ని భుజం పట్టుకుని పైపు కింద నుంచి పక్కకి జరిపి, ఫోను అందుకున్నాడు. పంపు ఆపమన్నాడు. ఎవరు మాట్లాడుతున్నారని అవతల నుంచి అడిగారు. పేరు చెప్పాడు. ఎందుకాపాలని అడిగారు. అదీ చెప్పాడు, నూకరాజు వింటూ ఉండగానే, ఒక్క మాట దాచుకోకుండా.

నూకరాజు మొహంలో నవ్వు పోయింది. తలెత్తి, తను ఇన్నాళ్లూ నిలబడ్డ చోట పైనున్న అతుకు వైపు చూశాడు. తర్వాత శశిభూషణ్ వైపు చూశాడు.

శశిభూషణ్ తల దించుకోలేదు. ఆ చూపు తనకి రావాల్సిందేనని అలాగే నిలబడ్డాడు.