పగిలిన నీటి కుండలు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు మణిధరుడని ఒక్కడే కొడుకు. కరాళుడనే మంత్రగాడు పొరుగు రాకుమార్తె హేమవల్లిని ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోతే, ఆమెను విడిపించి తెస్తానని మణిధరుడు వందమంది పడవవాళ్లతో ఓడెక్కాడు.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు. నాలుగో సముద్రంలో పెనుగాలి వీచి కొట్టుగదిలోని ఎనభై మంచినీటి కుండల్లో అరవై పగిలాయి. మణిధరుడొక్కడే అది చూశాడు. 'తెలిస్తే వీళ్లు బెదిరిపోతారు' అనుకుని కొట్టుగదికి తాళం వేశాడు. అడిగినవాళ్లతో "నీళ్లకేం కొదవ!" అన్నాడు.

మనిషికిచ్చే చెంబెడు నీళ్లు గరిటెడయ్యాయి. "తన కోసం దాచుకుంటున్నాడు" అన్నాడొకడు. "మనల్ని దారిలో వదిలేస్తాడట" అన్నాడింకొకడు. అంతే, అందరూ తెడ్లు కింద పెట్టేశారు.

మొదటిరోజు మణిధరుడు భటుడితో ఆజ్ఞ పంపాడు. ఎవరూ కదల్లేదు. రెండోరోజు బంగారు కడియాలిస్తానని కబురంపాడు. ఎవరూ కదల్లేదు. మూడోరోజు తానే వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాడు.

"అరవై కుండలు పగిలాయి. మీరు భయపడతారని దాచాను. నిజానికి భయపడ్డది నేనే. తప్పు నాది."

"ఉన్న నీళ్లు ఎన్నాళ్లకొస్తాయి బాబూ?" అన్నాడు పడవవాళ్లకు పెద్ద, ముసలి తండేలు గరగయ్య.

"ఆరు రోజులకు. ఆ తరవాత ఏం చేయాలో నాకు తెలియదు."

"ముందే చెబితే, మొన్న జల్లు పడ్డప్పుడు తెరచాప పరిచి నీళ్లు పట్టేవాళ్లం కదా!"

మణిధరుడు తల దించుకున్నాడు. తాళంచెవి గరగయ్య చేతిలో పెట్టాడు. పడవవాళ్లు తెడ్లు పట్టారు. ఆనాటి నుంచి రోజూ సాయంత్రం మంచీ చెడూ తానే చెప్పేవాడు. అయినా ఇద్దరు ముగ్గురు రోజూ వెళ్లి కుండలు చూసుకొచ్చేవాళ్లు. చూసుకోనిచ్చాడు.

ఐదోనాడు ఓడ మీద ఒక నీటికాకి వాలింది. గరగయ్య తన వంతు నీళ్లలో సగం దానికి పోశాడు.

"తూర్పున ఊటబావి ఉన్న దీవి ఉంది," అంది నీటికాకి. "కరాళుడి ప్రాణం వాడి కోట బురుజు మీది చిలకలో ఉంది."

ఆ దీవిలో కుండలు నింపుకుని ఏడు సముద్రాలూ దాటారు. మణిధరుడు తన ఉపాయం అందరికీ చెప్పి, కోట వెనక నుంచి బురుజు ఎక్కసాగాడు.

కరాళుడు ఒడ్డుకొచ్చి, "వెర్రివాళ్లారా! మీ రాకుమారుడు మిమ్మల్ని వదిలేసి వేరే ఓడలో పారిపోయాడు!" అన్నాడు.

పడవవాళ్లు పకపకా నవ్వారు. "ఆయన ఎక్కడున్నాడో మాకు తెలుసులే!"

కరాళుడు తెల్లబోయి చూస్తుండగానే మణిధరుడు చిలక మెడ నులిమాడు. మంత్రగాడు నిలువునా కూలిపోయాడు.

కోటలోంచి హేమవల్లిని విడిపించి తెచ్చారు. ఆమెకూ మణిధరుడికీ పెళ్లయింది. తొలి తాంబూలం గరగయ్యకిచ్చారు. నలభై ఏళ్లు వాళ్లు అక్కడ చల్లగా ఏలారు, మనమిక్కడ చల్లగా విన్నాం.