సన్నాయి పీక, పచ్చడి గిన్నె

పాలకొల్లులో సన్నాయి వాయించే నూకరాజుకి తన సన్నాయి పీక దగ్గర ఎంత శుభ్రమో, నలుగురూ తినే పచ్చడి గిన్నె దగ్గర అంత నిర్లక్ష్యం.

పీక అంటే సన్నాయికి తగిలించి నోట్లో పెట్టుకుని ఊదే చిన్న రెల్లు ముక్క. దాన్ని అతను మెత్తటి గుడ్డతో తుడిచి, చిన్న వెండి డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని చొక్కా లోపలి జేబులో దాచుకునేవాడు. ఎవరైనా సరదాకి అడిగినా కస్సుమనేవాడు.

"ఒకరి నోట్లోది ఇంకొకరు నోట్లో పెట్టుకోవడమేంటి? ప్రాణం పోయినా ఇవ్వను!" అనేవాడు.

సాయంత్రం సాధన అయ్యాక మేళంవాళ్లంతా అతని ఇంటి అరుగు మీద కూర్చుని మిరపకాయ బజ్జీలు తినేవారు. మధ్యలో ఒక్క గిన్నెలో అల్లం పచ్చడి ఉండేది. నూకరాజు బజ్జీని పచ్చడిలో ముంచి కొరికేవాడు. కొరికిన ముక్కనే మళ్లీ ముంచేవాడు. చివరికి వేలితో గిన్నె అంచు తుడిచి నాకి, ఆ వేలే ఇంకోసారి గిన్నెలో పెట్టేవాడు. డోలు వాయించే గోవిందుకి ఒళ్లు జలదరించేది. కానీ పెద్దవాణ్ణి ఏమంటాడు? ఆకలి లేదని లేచిపోయేవాడు.

అంతమాత్రాన నూకరాజు చెడ్డవాడని అనుకోకండి. మహా ప్రేమగల మనిషి. బజ్జీలు కొనేదీ అతనే, ఇంకోటి తినమని బతిమాలేదీ అతనే. ఒక్క గిన్నెలో తింటేనే అందరూ ఒక్క కుటుంబమని అతని నమ్మకం. చిక్కంతా ఆ నమ్మకంతోనే వచ్చింది.

అతని అన్న సుబ్బారాయుడు ఒకప్పుడు ఆ మేళానికి పెద్ద. ఆయాసం పట్టుకుని ఊదడం మానేశాక, తన విద్యంతా కూతురు తాయారుకి నేర్పాడు. ఆ శ్రావణంలో ఆఖరి ముహూర్తానికి భీమవరంలో ఒక పెళ్లికి మేళం కుదిరింది. తాయారు మొదటిసారి పెళ్లిలో వాయించబోయేది అక్కడే. ఆ తర్వాత మూఢం, మూడు నెలలదాకా పెళ్లిళ్లు లేవు.

"నా ఊపిరి ఎన్నాళ్లుంటుందో తెలీదమ్మా. నిన్నొక్కసారి పెళ్లిపందిట్లో వినాలి," అన్నాడు సుబ్బారాయుడు. తాయారు తెల్లవారకుండానే లేచి సాధన చేసేది.

పెళ్లికి పది రోజులుందనగా నూకరాజు కింది పెదవి మీద నీటిపొక్కులు లేచాయి. ఊదితే మంట. అందుకని ఆ సాయంత్రం తాయారు వాయిస్తుంటే వింటూ కూర్చున్నాడు. ఎంత బాగా వాయించిందంటే, అతని కళ్లు చెమ్మగిల్లాయి. సాధన అవగానే బజ్జీలు తెప్పించాడు. మామూలుగానే ముంచాడు, కొరికాడు, మళ్లీ ముంచాడు.

తాయారు అతని పెదవి వంక చూసింది. "బాబాయ్, నేను పచ్చడి విడిగా వేసుకుంటాను," అంది మెల్లిగా.

నూకరాజు మొహం చిన్నబోయింది. "అదేంటమ్మా, పరాయివాడిలా చూస్తున్నావు! ఎత్తుకుని పెంచాను నిన్ను. మనలో మనకి ఎంగిలేంటే?"

తాయారు సిగ్గుపడిపోయింది. బాబాయిని నొప్పించానే అనుకుని ఆ గిన్నెలోనే ముంచుకుని తింది. నూకరాజు సంబరపడిపోయి ఆమె చేతిలో ఇంకో బజ్జీ పెట్టాడు.

పెళ్లికి రెండు రోజుల ముందు తాయారుకి ఒళ్లు వెచ్చబడింది. పెదవి మీద ఒకటి, రెండు, నాలుగు పొక్కులు లేచాయి. పెళ్లినాడు పొద్దున్నకి పెదవి వాచిపోయింది. పీక నోట్లో పెట్టుకుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి. అయినా పట్టుదలగా ఊదింది. గాలి వచ్చింది గానీ స్వరం రాలేదు.

"నా బదులు నువ్వు కూర్చో బాబాయ్," అంది ఆఖరికి.

అప్పటికి నూకరాజు పెదవి మానిపోయింది. తాళి కట్టేవేళ అతనే వాయించాడు. బాగుందని అందరూ అన్నారు. ముందు వరసలో, ఆయాసపడుతూ బస్సెక్కి వచ్చిన సుబ్బారాయుడు మాత్రం తల దించుకుని కూర్చున్నాడు. అతని పక్కన తాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భోజనాల దగ్గర సుబ్బారాయుడు తమ్ముణ్ణి పరీక్షగా చూశాడు.

"నీ పెదవి మీద ఆ మచ్చేంటిరా?"

"పొక్కులు లేచాయిలే అన్నయ్యా. తగ్గిపోయాయి."

"మరి పిల్లకెలా వచ్చాయి? కొంపదీసి నీ పీకగానీ ఇచ్చావా?"

"ఎంత మాటన్నావు! పిల్ల పెదవి పాడవదూ? ఒకరి నోట్లోది ఇంకొకరు నోట్లో..."

నూకరాజు అక్కడే ఆగిపోయాడు. అల్లం పచ్చడి గిన్నె అతని కళ్లముందు మెదిలింది. విడిగా వేసుకుంటానన్న పిల్ల మాటా గుర్తొచ్చింది. అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"పీక ఇవ్వలేదు అన్నయ్యా," అన్నాడు. "అంతకంటే పాడు పని చేశాను."

జరిగిందంతా చెప్పి, తాయారు ముందు కూర్చుని, "తప్పయిపోయిందమ్మా. ప్రేమతోనే పెట్టాననుకున్నాను," అన్నాడు. తాయారు అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. బాబాయి మీద కోపం లేదు గానీ, పోయిన రోజు పోయినట్టే కదా!

ఆ మూడు నెలలూ నూకరాజుకి నిద్ర సరిగా పట్టలేదు. అన్నకి దగ్గు తెర వచ్చినప్పుడల్లా లేచి వెళ్లి చూసి వచ్చేవాడు.

మూఢం వెళ్లి మళ్లీ ముహూర్తాలు వచ్చాయి. నరసాపురంలో పెళ్లి. విడిదింట్లో మేళంవాళ్లకి పళ్లెం నిండా బజ్జీలు, ఒక గిన్నెలో పచ్చడి తెచ్చి పెట్టారు. అందరూ చెయ్యి చాపబోయారు.

"ఆగండి!" అని కేకేశాడు నూకరాజు. వంటవాళ్లని అడిగి గరిటె తెచ్చాడు. చేతులు కడుక్కుని, ముందు తాయారు ఆకులో, తర్వాత తక్కినవాళ్ల ఆకుల్లో పచ్చడి వేశాడు. తన వాటా ఆఖరున వేసుకున్నాడు.

గోవిందు ఊరుకుంటాడా? "ఏంటన్నా, మనలో మనకి ఎంగిలేంటి?" అన్నాడు నవ్వుతూ.

"మనలో మనకి కాబట్టేరా," అన్నాడు నూకరాజు.

ఆ పూట గోవిందు ఆకలి లేదనలేదు. ఆరు బజ్జీలు తిన్నాడు.

ముహూర్తం వేళకి తాయారు సన్నాయి అందుకుంది. నూకరాజు పక్కన శ్రుతి పట్టుకుని కూర్చున్నాడు. ఆమె మొదటి స్వరం ఊదగానే పందిట్లో గుసగుసలు ఆగిపోయాయి. ముందు వరసలో సుబ్బారాయుడు కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు. అతని ఊపిరి ఇంకా ఉంది, కూతురి పాట దానికి అందింది.

కాబట్టి పిల్లలూ, కొరికిన ముక్కని నలుగురూ తినే గిన్నెలో ఎప్పుడూ ముంచకూడదు. ఆ నలుగురూ మనవాళ్లయితే మరీ ముంచకూడదు.