గడ ఇవ్వని తురాయి

అనగనగా ఒక కొండ అడవి. అక్కడ ఏటా వానలు తగ్గాక పది ఆటల పందెం జరిగేది. పరుగెత్తాలి, దూకాలి, రాయి విసరాలి, గడ ఊతంతో ఎత్తైన ముళ్లకంప దాటాలి. ఇలా రెండు రోజుల్లో పది ఆటలు. అన్నిట్లో కలిపి ఎవరు మెరుగైతే వాళ్లదే గెలుపు.

తురాయి అనే కొండముచ్చుకు ఆ పందెమే ప్రాణం. దానికి రాయి విసరడం నేర్పింది గున్నడు అనే ఎలుగుబంటి. "నడుం తిప్పు చెల్లీ, చెయ్యి దానంతట అదే వస్తుంది" అనేవాడు. కానీ పందెంలో వరుసగా రెండేళ్లు గున్నడే గెలిచాడు. రెండేళ్లూ తురాయిది రెండో స్థానమే.

మూడో ఏడు వచ్చింది. ఏడు ఆటలు అయ్యేసరికి గున్నడు కొంచెం ముందున్నాడు. ఎనిమిదోది గడ ఆట. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. తురాయి మొదటిసారే కంప దాటేసింది. గున్నడు మొదటిసారి తడబడ్డాడు. రెండోసారి అతని గడ నిలువునా చీలింది.

అతను రొప్పుతూ వచ్చాడు. "చెల్లీ, నీ గడ ఒక్కసారి ఇస్తావా? ఇంకొక్క అవకాశమే ఉంది."

ఇస్తే అన్న దాటేస్తాడు. దాటితే నేను మళ్లీ రెండోదాన్నే, అనుకుంది తురాయి.

"నాది సన్న గడ అన్నా. నీ బరువు ఆగదు" అంది.

"అవునా తల్లీ, సరేలే" అన్నాడు గున్నడు. చీలిన చోట తీగ చుట్టి పరుగు అందుకున్నాడు.

ఆగమని పిలవాలనిపించింది తురాయికి. పిలవలేదు, పిల్లలూ. గడ ఫట్మని విరిగింది. గున్నడు రాళ్ల మీద పడ్డాడు.

ఆ సాయంత్రం పందెం తురాయి గెలిచింది. ఏనుగు తాత దాని మెడలో తంగేడు పూలదండ వేశాడు.

కొన్నాళ్లకు తురాయి తేనెపట్టు తీసుకుని గున్నడి గుహకు వెళ్లింది. తుంటి విరిగి అతను లేవలేకపోతున్నాడు. ఇక అతను పందాల్లో ఆడలేడని వైద్యం చేసిన ఉడుము చెప్పేసింది.

"గెలిచావట! ఎంత సంతోషమో" అన్నాడు గున్నడు. "రాయి దూరం పడిందా?"

తురాయి తట్టుకోలేకపోయింది. "అన్నా, నా గడ సన్నది కాదు. నీ బరువు ఆగేదే."



"నాకు అనుమానమే రాలేదు" అన్నాడు గున్నడు. "నువ్వు చెప్పావు కదా."

"నన్ను తిట్టన్నా!"

"తిట్టి ఏం చేస్తాను? కాసేపు ఒంటరిగా ఉండనివ్వు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. తేనె ముట్టుకోలేదు.

ఆ తర్వాత కూడా తురాయి చాలాసార్లు గెలిచింది. గెలిచిన ప్రతిసారీ దండ పట్టుకుని ఆ గుహ దాకా వెళ్లేది. లోపలికి అడుగు పడేది కాదు. బయటే కాసేపు నిలబడి, తిరిగి వచ్చేసేది.

నీతి: మనల్ని నమ్మినవాళ్లను మోసం చేసి గెలిస్తే, ఆ గెలుపు చెప్పుకోవడానికి మనకంటూ ఎవరూ మిగలరు.