కూర్చున్నమ్మ గుడిలో భక్తులు ప్రదక్షిణ ఎందుకు చేయరు?

ఎర్రగుట్ట మీది కూర్చున్నమ్మ ఆలయానికి మెట్లు తక్కువ, మలుపులు ఎక్కువ. గర్భగుడి చుట్టూ చదునైన బండ పరుచుకొని ఉన్నా భక్తులెవరూ దానిపై ప్రదక్షిణ చేయరు. కొత్తవారు అలవాటుకొద్దీ నడక మొదలుపెడితే అర్చకులు ఆపి కూర్చోబెడతారు. అమ్మవారూ కూర్చునే ఉంటుంది. ఒక మోకాలు పైకెత్తి, ఎడమచేయి కణతకు ఆనించుకొని, నడినెత్తిన మడత గుడ్డతో దర్శనమిస్తుంది. ఇటువంటి మూర్తి శిల్పశాస్త్రంలో ఎక్కడా లేదని ఒక పండితులవారు వచ్చి చెప్పి వెళ్ళారు. ఆయన మాట నిజమే కావచ్చు. అమ్మవారు మాత్రం చేయి దించలేదు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. బండ మీద నిలువెత్తు రాతి అమ్మవారు ఎండావానల్లో నిలబడి ఉండేది. గుట్ట కింది ఊళ్ళో గానుగ ఆడించే ఇల్లు ఒకటి ఉండేది. గానుగ అంటే ఇప్పటివారికి తెలియదు గనుక చెప్పవలసి వస్తున్నది. పెద్ద రోలు, అందులో నిలువు రోకలి, దానికి కట్టిన కాడి, కాడిని తిప్పే ఎద్దు. ఎద్దు తిరుగుతుంటే నువ్వులు నలిగి నూనె దిగుతుంది. ఆ నూనె రుచి వేరు, అది వేరే సంగతి. జాతరలో అమ్మవారి ఘటం నెత్తిన పెట్టుకొనే హక్కు ఆ ఇంటి ఆడవారిదే. అత్త గురవమ్మ ఘటం ఎత్తేది. ఆమె తరువాత కోడలు వీరనాగమ్మ ఎత్తాలి.

వీరనాగమ్మకు తలనొప్పి వచ్చేది. నొప్పి వెంబడే నేల పక్కకు ఒరిగినట్టు కళ్ళు తిరిగేవి. గానుగ వల్లనే అన్నారు. గానుగ జోలికి పోని నెలల్లోనూ తిరిగాయి. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. చివరకు తిరువెంగళాచారి అనే వైద్యుణ్ణి పిలిపించారు. ఆయన నాడి చూశాడు, నాలుక చూశాడు, నిద్ర గురించి, ఆకలి గురించి అడిగాడు. ఉపవాసాలు మాన్పించాడు. ధనియాల కషాయం ఇచ్చాడు. చిరుబెండ వేరు వేసి కాచిన నువ్వులనూనెలో గుడ్డ తడిపి నడినెత్తిన ఉంచమన్నాడు. కొంత నెమ్మదించింది. పూర్తిగా పోలేదు.

"వాతం చెడిందని నేననుకుంటున్నా. ఎందుకు చెడిందో నాకు అందలేదు. అందకపోవడం నా కొరత. ఆ అమ్మాయిది అబద్ధం కాదు" అని ఆచారి అందరి ముందూ చెప్పాడు.

ఊరిపెద్ద కంభిరెడ్డి నవ్వాడు. "వైద్యునికే అంతుబట్టని రోగం గానుగిల్లు ఒక్కదానికే వచ్చిందా? పని ఎగ్గొట్టే యవ్వారం గాకపోతే!"

గురవమ్మ కూడా అంతే. "ఏమే నాగీ, తిండి దగ్గర తిరగని కండ్లు రోలు దగ్గరే తిరుగుతాయా?" అనేది. వీరనాగమ్మకు నొప్పికన్నా ఆ మాటే ఎక్కువ నొప్పి. కణత పగిలిపోతున్నప్పుడు కూడా, ఇది కనిపించే గాయమైనా బాగుండునే అనుకొనేది.

ఆ ఏటి జాతరకు కంభిరెడ్డి తీర్పు చెప్పాడు. "అత్త వెనకాలే దీపం నెత్తిన పెట్టుకొని అమ్మ చుట్టూ తిరిగిరా. నిజంగా రోగమే అయితే అమ్మ నిన్ను పడనీయదు. పడితివా, నువ్వు దొంగవని అమ్మే చెప్పినట్టు. అప్పుడు పుట్టినింటికి పో. ఘటం ఇంకో ఇంటికి ఇస్తాం."

డప్పులు మోగాయి. గురవమ్మ ఘటం ఎత్తింది. వీరనాగమ్మ దీపం ఎత్తి రెండడుగులు వేసింది. బండ ఒరిగింది. ఆమె దీపాన్ని జాగ్రత్తగా కింద పెట్టి, అమ్మవారి ఎదుటే కాళ్ళు ముడిచి కూర్చున్నది.

"లెయ్" అన్నాడు కంభిరెడ్డి.

"లెయ్యను. పడితే దొంగనంటావు. పడకపోతే ఇన్నాళ్ళూ నటించిందంటావు. రెండు పక్కలా ఓడిపోయే పందెం నేను కట్టను రెడ్డీ." తరువాత అమ్మవారిని చూసి అన్నది: "నువ్వూ ఆడదానివే గదమ్మా. నేను నీ చుట్టూ తిరగలేను. నేను కావాలనుకుంటే నువ్వే నా చుట్టూ తిరుగు."

జనం నోళ్ళు తెరిచారు. అప్పటికి అమ్మవారి వెనకవైపు నుంచి తిరిగి వస్తున్న గురవమ్మ దారి తప్పింది. ఘటంతో నేరుగా కోడలి దగ్గరికి వచ్చి ఆమె చుట్టూ నడవసాగింది.

"ఏంది గురవమ్మా, యాడికి పోతాండావు?" అని అరిచాడు కంభిరెడ్డి.

"నేను పోతాండానా? తోలుకపోతాంది. ఆపగలిగితే నువ్వే ఆపు" అన్నది గురవమ్మ.

ఎవరూ ఆపలేదు. అమ్మవారు నడిపించిందా, అత్త మనసే నడిపించిందా అని తర్కించేవారు నేటికీ ఉన్నారు. నడిచినది ఘటం. ఘటం నడిస్తే అమ్మ నడిచినట్టే లెక్క. ఇందులో తర్కానికి చోటు లేదు.

అటు తరువాత కంభిరెడ్డికి కల వచ్చింది. "తరాల తరబడి నిలబెట్టి నా చెవుల దగ్గర డప్పులు కొడుతున్నారు. నాకూ తల పగులుతున్నది. నన్ను కూర్చోబెట్టండి, నెత్తిన నూనెగుడ్డ వేయండి" అన్నదట అమ్మ. రెడ్డి మొదట ఒప్పుకోలేదు. కల వదలలేదు. చివరకు శిల్పిని పిలిపించి కూర్చున్న అమ్మను చెక్కించక, గుడి కట్టించక తప్పలేదు.

వీరనాగమ్మకు జబ్బు పూర్తిగా పోయిందా అని భక్తులు అడుగుతుంటారు. పోలేదు. హెచ్చుతూ తగ్గుతూ ఉండేది. బాగున్ననాడు గానుగ ఆడించింది, బాగులేనినాడు పడుకున్నది. ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. గురవమ్మ తరువాత ఘటం ఆమెకే వచ్చింది. ఆమె దాన్ని నెత్తిన ఎత్తక, కూర్చొనే ఒడిలో పెట్టుకొన్నది.

నేటికీ శుక్రవారం నాడు భక్తులు బండపై కూర్చుంటే ఘటమే వారి చుట్టూ తిరుగుతుంది. అమ్మవారి నూనెతో తడిపిన గుడ్డను అర్చకులు నెత్తిన ఉంచుతారు. మాట తడబడినా, చేయి పట్టు తప్పినా, ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా ఇక్కడికి కాక తక్షణం ఆసుపత్రికి వెళ్ళవలసిందిగా దేవస్థానం వారి విన్నపం. అన్ని పరీక్షలూ అయి, ఏమీ లేదు పొమ్మనిపించుకొన్నవారు మాత్రం నిస్సంకోచంగా రండి. అమ్మ అనుగ్రహంతో మనసుకు నెమ్మది, నిద్రకు సుఖం కలుగుతాయి. ఇక్కడ మీ ఊరేదని అడుగుతారు, భోంచేశారా అని అడుగుతారు. నొప్పి నిజమేనా అని ఎవరూ అడగరు. అడిగినవారు ఎంతటి పెద్దలైనా సరే, లేచి గుట్ట దిగవలసిందే.