నోటు చెల్లని కొట్టు

ఎర్రగట్టు అడవి అంచున, వాగు మలుపు తిరిగే చోట, ప్రతి గురువారం జంతువుల సంత జరిగేది. కుందేళ్ళు ముల్లంగి కట్టలు అమ్మేవి, గేదెలు పెరుగు ముంతలు దించేవి, ఉడతలు చింతగింజలు కుప్పలు పోసుకుని కూర్చునేవి. ఆ సంత మొత్తానికి అద్దాల తలుపులున్న కొట్టు ఒక్కటే. అది నక్క భూషణానిది. టార్చిలైట్లు, రేడియోలు, ఫ్యాన్లు అమ్ముకునేవాడు. ఆ ఏడాది నుంచి ఫోన్లు కూడా పెట్టాడు.

ఆ పక్క ఊళ్ళోనే గానుగ ఎద్దు ఓబయ్య ఉండేవాడు. పద్దెనిమిదేళ్ళు కళ్ళకి గంతలు కట్టుకుని ఒకే చుట్టు తిరిగాడు. గంతలు విప్పేసిన నాటికి చూపు మసకబారిపోయింది. ఎదురుగా ఎవరున్నారో నీడలా తెలిసేది, కాళ్ళ కింద ఏముందో తెలిసేది కాదు. కిందటి వానాకాలంలో వాగుకి వెళ్తూ ఇటుకబట్టీ కోసం తవ్విన గుంటలో పడ్డాడు. సాయంత్రం దాకా ఎవరూ చూడలేదు. మోకాలు వాచిపోయి నెల్లాళ్ళు లేవలేదు.

అప్పట్నుంచి వాగుకి వెళ్ళాలంటే మేక మల్లి ముందు నడవాలి, ఆమె మెడలో గంట చప్పుడు పట్టుకుని ఓబయ్య వెనక నడవాలి. మల్లి ఎన్నడూ విసుక్కోలేదు. కానీ ఆమెకి పాలు తాగే పిల్లలిద్దరున్నారు. వాళ్ళు పడుకున్నప్పుడే ఆమెకి కాస్త తీరిక. "మల్లీ, దాహమేస్తోంది" అని ఆ కాస్త తీరికా పాడుచేయడానికి నోరు రాక, ఓబయ్య ఎన్నో మధ్యాహ్నాలు గొంతెండి కూర్చున్నాడు.

అలాంటప్పుడు చెప్పే ఫోను వచ్చింది. మెడలో వేసుకుంటే చాలు, దారి చూసి పలుకుతుంది: రాయుంది, గుంట ఉంది, ఎడమకి జరుగు అని. పక్కూరి ముసలి గుర్రం దాన్ని వేసుకుని ఒంటరిగా సంతకొచ్చి పోతున్నాడట. అది పాటలు పాడుతుందనీ, ఫోటోలు తీస్తుందనీ కుర్రకారు కూడా వెర్రెత్తిపోయారు. వచ్చిన సరుకు వచ్చినట్టే అయిపోయేది.

ధర ఎనిమిది వేలు. ఓబయ్య గానుగ కూలీలో మిగిల్చుకున్నది సరిగ్గా అంతే ఉంది. నూనె మరకల నోట్లు, గుడ్డసంచీ నిండా.

ఆ గురువారం తెల్లారేసరికే మల్లి పిల్లల్ని పక్కింటి గొర్రెకి అప్పజెప్పి అతన్ని తీసుకొచ్చింది. అప్పటికే కొట్టు ముందు వరస వాగు దాకా ఉంది. ఎండెక్కాక వాళ్ళ వంతు వచ్చింది. ఓబయ్య మెడ వంచి సంచీని బల్లమీద పెట్టాడు.

"అయ్యో మామా, ఇంత దూరం నడిచొచ్చావా! కూర్చో, కూర్చో," అన్నాడు భూషణం. "ఏం కావాలి?"

"చెప్పే ఫోను, అల్లుడూ. డబ్బు సరిగ్గా ఉంది, చూసుకో."

భూషణం సంచీని ముట్టుకోలేదు. పంజాతో మెల్లగా వెనక్కి తోశాడు. "బయట బోర్డు చూడలేదా మామా? ఈ ఫోనుకి నోట్లు తీసుకోవడం లేదు. కార్డుండాలి."

"నాకు బోర్డులు కనబడవు నాయనా."

"నేను చదివాను," అంది మల్లి. "రేడియో కొంటే నోట్లు తీసుకుంటావట, ఫ్యాన్ కొంటే తీసుకుంటావట. ఈ ఒక్కదానికే ఎందుకు తీసుకోవు?"

భూషణం గొంతు పెంచాడు, వరస మొత్తానికీ వినబడేలా. "ఎందుకంటావేంటమ్మా? ఒక్కొక్కడు కట్టలు పట్టుకొచ్చి పాతిక ఫోన్లు ఎత్తుకుపోతున్నాడు. బయట రెండింతలకి అమ్ముకుంటున్నాడు. కార్డయితే దానిమీద పేరుంటుంది. ఒక పేరుకి ఒకటే ఫోను. ఇదంతా మీలాంటివాళ్ళ కోసమే పెట్టాను మామా!"

"నేను ఒక్కటే అడుగుతున్నాను కదా."

"నిజమే. కానీ నీకోసం నియమం మారిస్తే రేపు అందరూ అడుగుతారు."

ఓబయ్య సంచీని మళ్ళీ ముందుకు జరిపాడు. "ఇవి దొంగ నోట్లు కాదు అల్లుడూ. చెల్లేవే."

"చెల్లుతాయి మామా, ఎవరు కాదన్నారు? ఇక్కడ మాత్రం చెల్లవు. తర్వాతెవరు? రండి, రండి."

వెనకనుంచి ఎవరో ముందుకు తోశారు. సంచీ జారి కింద పడింది, నోట్లు చెదిరాయి. మల్లి ఒక్కొక్కటీ ఏరుతుంటే ఓబయ్య సాయం చేద్దామని వంగి, ఒక నోటుని తన గిట్టతోనే తొక్కాడు. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతని చెవులు వేడెక్కాయి.

కార్డు కోసం బ్యాంకుకి కూడా వెళ్ళొచ్చారు. తాబేలు మేనేజరు మంచివాడే. "గిట్ట ముద్ర వెయ్యి ఓబయ్యా, కార్డు ఇచ్చేస్తాను," అన్నాడు. మూడుసార్లు వేయించాడు. పద్దెనిమిదేళ్ళ తిరుగుడుకి గిట్ట అరిగి నున్నగా అయిపోయింది, ముద్ర పడలేదు. "పైవాళ్ళకి రాస్తాను. మూణ్ణెల్లు పట్టొచ్చు," అని నిట్టూర్చాడు.

తిరిగి కొట్టు దగ్గరికి వస్తుంటే టీ బడ్డీ పక్కన ఎవరో పిలిచారు. "పెద్దయ్యా! ఫోను దొరకలేదా? పాపం!"

"ఎవరూ?" అన్నాడు ఓబయ్య.

"కోతి గవరయ్య," మల్లి గొణిగింది. "జేబునిండా కార్డులు."

"నా కార్డుతో నేను కొనిస్తాను పెద్దయ్యా," అన్నాడు గవరయ్య. "నాకు నోట్లే ముద్దు. పదహారు వేలిచ్చెయ్యి, ఫోను నీ మెడలో ఉంటుంది."

"కొట్లో ఎనిమిదే కదా?"

"కొట్లో నీకు ఇవ్వరు కదా!" అని నవ్వి, బడ్డీ వెనక్కి వెళ్ళిపోయాడు. వెళ్తుంటే అతని ఎడమకాలు నేలమీద ఈడుస్తూ చప్పుడు చేసింది. టప్, స్‌ర్ర్. టప్, స్‌ర్ర్.

మోకాలు నొప్పెడుతోందని ఓబయ్య కొట్టు అరుగు పక్కన కూలబడ్డాడు.  "ఇంటికి పోదామన్నా," అని ఆమె అన్నా, అతనికి లేవబుద్ధి కాలేదు. ఇంటికెళ్తే మళ్ళీ ఆ మధ్యాహ్నాలే. మల్లి నీళ్ళ కోసం వెళ్ళింది.

కళ్ళు మూసుకుని వరసలో అడుగులు వింటూ కూర్చున్నాడు. కుందేలు గంతులు. ఎలుగుబంటి బరువు అడుగులు. తర్వాత టప్, స్‌ర్ర్.

"రండి రండి, సైనికుడుగారూ! మీకు వరసేంటి!" అంది భూషణం గొంతు లోపల్నుంచి, తేనె పూసినట్టు. బీప్ మని కార్డు మిషను మోగింది. టప్, స్‌ర్ర్ మని చప్పుడు టీ బడ్డీ వైపు పోయింది.

కాసేపటికి మళ్ళీ అదే చప్పుడు. "రండి మాస్టారూ!" బీప్.

మల్లి నీళ్ళు తెచ్చేసరికి మూడోసారి.

"మల్లీ, ఇప్పుడు లోపలికెళ్ళింది ఎవరు?"

"ఎవరో పెద్దావిడన్నా. నిండా ముసుగేసుకుంది. ఎరుపు చీర."

"అంతకుముందు?"

"నేను వచ్చేటప్పుడు బయటికి వెళ్ళింది బడిపంతులనుకుంటా. కోటు, కళ్ళజోడు."

ఓబయ్య నీళ్ళు తాగకుండానే లేచాడు. "నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టు. నేనేం మాట్లాడినా నువ్వు మధ్యలో మాట్లాడకు. ఆ ఎరుపు చీర పక్కన మాత్రం ఉండు."

గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "భూషణం అల్లుడూ, ఇందాక నీమీద కోపం తెచ్చుకున్నాను. తప్పు నాదే. కూర్చుని ఆలోచిస్తే తెలిసింది, నీ నియమం మంచిదే."

భూషణం మీసాలు విరిశాయి. "చూశారా! పెద్దలు పెద్దలే!" అన్నాడు వరస వైపు తిరిగి.

"ఒక్క అనుమానం. ఒకడే పది కార్డులు పెట్టుకుని పదిసార్లు వస్తే?"

"నా కళ్ళు కప్పడమా!" భూషణం పొట్ట పట్టుకుని నవ్వాడు. "అలాంటివాడు దొరకనీ మామా, వాడి ఫోన్లన్నీ లాక్కుని ఈ వరసలో వాళ్ళకే అమ్ముతాను. పట్టిచ్చినవాళ్ళకి నోట్లకే ఫోను ఇస్తాను. ఇంతమంది ముందు చెబుతున్నాను, నా తోకమీద ఒట్టు!" చూపు లేని ముసలి ఎద్దు ఎవర్ని పడుతుందిలే అనుకున్నాడు.

"అందరూ విన్నారుగా?" అన్నాడు ఓబయ్య.

"విన్నాం!" అంది వరస.

"అయితే నీ బల్ల దగ్గరున్న ఎరుపు చీర ఆవిణ్ణి నా దాకా నడవమను."

ముసుగులోంచి సన్నటి గొంతు వచ్చింది. "ఎంత సిగ్గుచేటు! పరాయి మగాడి దగ్గరికి నేనెందుకు నడుస్తాను?"

కొందరు నవ్వారు. ఎలుగుబంటి మాత్రం, "ఓబయ్యా, ఆడకూతుర్ని అలా పిలవొచ్చా?" అన్నాడు.

"నడవక్కర్లేదు తల్లీ, నేనే చెబుతాను," అన్నాడు ఓబయ్య. "నీ ఎడమకాలు ఈడుస్తుంది. ఇందాక టీ బడ్డీ దగ్గర నాతో బేరమాడినప్పుడు ఈడ్చింది. సైనికుడి వేషంలో వచ్చినప్పుడు ఈడ్చింది. పంతులు కోటేసుకున్నప్పుడూ ఈడ్చింది. కళ్ళున్నవాళ్ళకి మీరు ముగ్గురు. నాకు నువ్వొక్కడివే, గవరయ్యా."

"అబద్ధం! ముసలాడికి మతి పోయింది!" అంది ఆ గొంతు, ఈసారి అంత సన్నగా లేదు.

ఎరుపు చీర గిరుక్కున తిరిగింది. తిరిగింది కానీ ముందుకు పోలేకపోయింది. కొంగు చివర మల్లి నోట్లో ఉంది. ఆమె ఎప్పట్నుంచి నములుతోందో, అప్పటికే జానెడు లోపలికి పోయింది. ఒక్క లాగు లాగింది. చీర చుట్లు చుట్లుగా విడిపోయి, పొడుగాటి తోక టప్పున నేలకి తగిలింది.

వరస ఘొల్లుమంది. ఎలుగుబంటి టీ బడ్డీ వెనక్కి వెళ్ళి ఒక గోనెసంచీ ఎత్తుకొచ్చాడు. విప్పితే పదకొండు చెప్పే ఫోన్లు, సీలు తీయకుండా.

"ఎంత దగా!" అని భూషణం అందరికంటే ముందు అరిచాడు. "ఈ కోతెవరో నాకు తెలీనే తెలీదు!"

గవరయ్యకి ఒళ్ళు మండింది. "తెలీదా? నోట్లవాళ్ళని తిప్పి పంపేస్తా, వాళ్ళంతా నీ దగ్గరికే వస్తారు, లాభంలో చెరిసగం అన్నదెవరు? ఈ చీర మీ ఆవిడది కాదూ?"

ఆ మాటకి నవ్వులు ఆగిపోయాయి. పొద్దుట్నుంచి నిలబడ్డవాళ్ళు, కిందటివారం గవరయ్య దగ్గర రెండింతలు పోసినవాళ్ళు మెల్లగా దగ్గరికి జరిగారు. భూషణం వెనక తలుపు వైపు చూశాడు. అక్కడ అడవిపంది నిలబడి ఉన్నాడు.

"కొట్టకండి," అన్నాడు ఓబయ్య. "ఒట్టేశాడుగా. మాట నిలబెట్టుకోనివ్వండి."

భూషణం గబగబా ఒక ఫోను తీసి అతని మెడలో వేయబోయాడు. "తీసుకో మామా. డబ్బులొద్దు. ఊరికే తీసుకో. ఇంతటితో వదిలెయ్యి."

ఓబయ్య మెడ వెనక్కి తీసుకుని, సంచీని మళ్ళీ బల్లమీద పెట్టాడు. "ఊరికే వద్దు. ఇవి చెల్లుతాయా, చెల్లవా? అది చెప్పు."

"చెల్లుతాయి."

"వరస చివరివాళ్ళకి వినబడలేదు."

"చెల్లుతాయి మామా, చెల్లుతాయి!" అని అరిచాడు భూషణం.

అప్పుడు ఓబయ్య మెడ వంచాడు. ఇందాక కిసుక్కున నవ్వింది తామేనని కాబోలు, రెండు కుందేళ్ళు వచ్చి ఫోను తాడు సరిచేసి కట్టాయి. అది గొంతు విప్పి, "ముందు మూడు మెట్లున్నాయి," అంది. ఓబయ్య ఒకటి దిగాడు. రెండు దిగాడు. మూడోది దిగి ఆగాడు.

"రానా అన్నా?" అంది మల్లి.

"వద్దమ్మా. నువ్వు పిల్లల దగ్గరికెళ్ళు, ఆకలితో ఉంటారు. నేను వాగు దాకా వెళ్ళొస్తాను." వెళ్తూ వెళ్తూ ఒకసారి తడబడ్డాడు, నిలదొక్కుకున్నాడు. మల్లి అతను మలుపు తిరిగేదాకా కదల్లేదు.

కొట్లో మాత్రం భూషణానికి పొద్దుగూకేదాకా ఊపిరాడలేదు. ఎలుగుబంటి బోర్డు పీకేసి దానిమీదే కూర్చున్నాడు. చెమట నోట్లు, పసుపంటిన నోట్లు, ముడుపుల్లో దాచిన చిల్లర, ఏది తెచ్చినా లెక్కపెట్టి తీసుకోవాల్సిందే, ఒక్కొక్కరికి ఒక్కొక్క ఫోను అసలు ధరకి ఇవ్వాల్సిందే. గవరయ్య సంచీ ఖాళీ అయింది, కొట్టు వెనక గదిలో భూషణం దాచుకున్న రెండు పెట్టెలూ ఖాళీ అయ్యాయి. ప్రతి నోటు అందుకున్నప్పుడూ, ఎదుటివాళ్ళు అడిగినా అడక్కపోయినా, "చెల్లుతుంది" అని పైకి అనమన్నారు. సాయంత్రానికి అతని గొంతు పూర్తిగా పోయింది.

నీతి: దొంగల్ని ఆపడానికని పెట్టిన నియమం బీదవాళ్ళనే ఆపుతుంటే, దానివల్ల లాభం ఎవరికో ముందు అడిగి తెలుసుకోవాలి.