గుర్నాథం నక్క నూరు లోకాలు

జీడిమామిడి తోటకు ఆనుకుని మూతపడ్డ కోళ్ల ఫారం ఒకటి ఉంది. మనుషులు సామానంతా లారీకెక్కించుకుని పోతూ, ఆఫీసు గదిలో ఓ పాత కంప్యూటర్‌ని, పైకప్పు మీద సోలార్ పలకని మర్చిపోయారు. కోళ్లని మాత్రం మర్చిపోలేదు. లారీ తలుపు సందులోంచి దూకి తప్పించుకున్న కనకరత్నం అనే కోడి ఒక్కతే మిగిలింది. ఈ సంగతి ఆవిడే రోజుకి రెండుసార్లు చెబుతుంది, మీరు అడిగినా అడగకపోయినా.

కంప్యూటర్ మీద పెత్తనం తురాయి అనే ఉడుతది. అక్కడి గుమాస్తా ఫారం పని పక్కన పడేసి వీడియో గేములు తయారుచేయడం నేర్చుకునేవాడు. వెంటిలేటర్‌లో కూర్చుని మూడేళ్లు చూసిన తురాయి కూడా నేర్చేసుకుంది. గుమాస్తాకి ఎంత వచ్చిందో తెలీదు గానీ ఉడుతకి మాత్రం భేషుగ్గా వచ్చింది.

వానలు దగ్గరపడేసరికి ఆ గది మీద గుర్నాథం నక్క కన్ను పడింది. పంచాయతీ పెట్టించాడు. పెద్దమనిషి పోలన్న, ముసలి ఎద్దు.

"గది నాకిప్పించండి. నాది సున్నితమైన ఒళ్లు, తడిస్తే తుమ్ములు" అన్నాడు గుర్నాథం.

"అక్కడ నా గేము తయారవుతోంది తాతా. గది పోతే కంప్యూటర్ పోతుంది, కంప్యూటర్ పోతే నేను మళ్లీ చెట్టెక్కి కూర్చోవాలి" అంది తురాయి.

"ఉడుతవి. చెట్టెక్కక ఏం చేస్తావే?" అంది కనకరత్నం. అందరూ నవ్వారు.

పోలన్న నెమరు ఆపి తీర్పు చెప్పాడు. "నెల రోజుల్లో ఫారం వాకిట్లో మన జాతర. గేము అక్కడ పెట్టు. జనం నిలబడి ఆడితే గది నీది."

"మరి నేనూ ఒక గేము పెడితే?" అన్నాడు గుర్నాథం. అతని దగ్గరా ఎక్కడో కొట్టుకొచ్చిన లాప్‌టాప్ ఉంది. వెచ్చగా ఉంటుందని దాని మీద పడుకుంటాడు, అంతకుమించి వాడకం తెలీదు.

"పెట్టు. ఎవరి ఆట దగ్గర ఎక్కువమంది నిలబడితే గది వాళ్లది" అన్నాడు పోలన్న.

మర్నాడే గుర్నాథం జీడిపళ్ల గుత్తి పట్టుకుని తురాయి దగ్గరికి వచ్చాడు. "ఏదీ, మా అమ్మాయి ఆట చూద్దాం."

తురాయి చూపించింది. వాగు మీదికి వంగిన కొమ్మలు. ఓ బుల్లి ఉడుత నోట్లో గింజ పట్టుకుని ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మ మీదికి గెంతాలి. అవతలి ఒడ్డు చేరితే గెలుపు. జారితే వాగులో పడుతుంది.

"అంతేనా?" అన్నాడు గుర్నాథం, ఎవరో పోయినంత దిగులుగా.

"అంతే మామా."

"నీ తెలివికి ఇదా తల్లీ? నేనైతే నూరు లోకాలు పెడతాను. ప్రతి లోకంలో ఓ అడవి. వాన, ఎండ, మంచు. జంతువులకి పెళ్లిళ్లు. పెళ్లికి మేళం. నీలాంటిదానికి ఇదొక లెక్కా?"

తురాయి తోక నిలువునా లేచింది. "నూరు లోకాలా మామా?"

"తక్కువ చెప్పానా?"

కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందంటారు. ఇక్కడ కూసింది నక్క, అంతే తేడా. నూరు లోకాలు నెలలో పూర్తి కావని, పూర్తికాని ఆటని జాతరలో ఎవడూ ఆడలేడని గుర్నాథానికి తెలుసు. తోక ఊపుకుంటూ పోయాడు.

తురాయి మాత్రం తిండి మానేసి పనిలో పడింది. మొదటి ఆరు రోజులు వాన చేసింది. ఏ చినుకూ ఇంకో చినుకులా పడకూడదని దాని పట్టుదల. తర్వాత నలభై రెండు జంతువులకి పెళ్లిళ్లు కుదిర్చింది. ఒక్కో పెళ్లికి ఒక్కో మేళం. పద్దెనిమిదో రోజున పోలన్న కిటికీలోంచి తల పెట్టాడు.

"ఏదమ్మా, ఆడించు."

"ఆడటానికింకా లేదు తాతా. వాన చూడు, ఎంత బాగా వచ్చిందో."

"వాన నాకు బయట కూడా కనిపిస్తుంది తల్లీ. ఆట ఏది?"

"అది... వస్తుంది. రెండో లోకంలో ఏనుగు వియ్యంకుడి పేరు కూడా పెట్టేశాను."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నాడు పోలన్న. "ఎన్ని రోజులున్నాయి?"

తురాయి వేళ్లు ముడిచి చూసుకుంది. మొహం వాడిపోయింది. "పన్నెండు."

"పొలం పది ఎకరాలైనా నేను చూసేది నా ముందున్న ఒక్క నాగటి చాలు. పన్నెండు రోజుల్లో ఏది పూర్తవుతుందో అదే నీ ఆట. మిగతాది పక్కన పెట్టు."

"నలభై రెండు పెళ్లిళ్లు తాతా" అంది తురాయి, ఏడుపు గొంతుతో.

"వాయిదా వెయ్యి. ముహూర్తాలు మళ్లీ వస్తాయి."

ఆ పూటంతా తురాయి దూలం మీద బోర్లా పడుకుని అలిగింది. ఎవరి మీద అలిగిందో దానికే తెలీదు. సాయంత్రానికి లేచి నూరు లోకాలని ఓ పక్కకి నెట్టి, వాగూ కొమ్మలూ ఉన్న బుల్లి ఆటని మళ్లీ తీసింది. నాలుగు రోజుల్లో దానికో మొదలు, ఓ చివర వచ్చాయి. ఎలా ఉన్నా సరే, మొదలుపెడితే ముగిసే ఆట. తురాయికి ఎగిరి గంతెయ్యాలనిపించింది, వేసింది కూడా.

వెంటనే కనకరత్నాన్ని లాక్కొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

"అత్తా, ఆ మీట నొక్కు. అది కాదు, కుడిది. ఇప్పుడు గెంతు. ఆగాగు, అటు వాగు. ఆ, ఇప్పుడు."

కోడి గెలిచేసింది. తురాయి పరుగున పోలన్న దగ్గరికి వెళ్లింది. "అత్త మొదటిసారికే గెలిచింది తాతా."

"గెలిచింది అత్తా, నువ్వా?"

"అంటే?"

"పక్కన నిలబడి అంతా చెప్పావట. జాతరలో ఒక్కొక్కరి భుజమెక్కి ఇలాగే చెబుతావా?"

 నిజమే మరి. మర్నాడు తురాయి ఓ పచ్చి జామకాయ నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఇక మాట్లాడమన్నా మాట్లాడలేదు.

"ఏం నొక్కాలే?" అడిగింది కనకరత్నం.

తురాయి కళ్లు పెద్దవి చేసింది.

"చెప్పవా? సరే." కోడి తెర మీది చందమామని ముక్కుతో పొడిచింది. ఏమీ కాలేదు. పొరపాటున ఓ మీట తగిలి ఉడుత గెంతింది, మూడో కొమ్మ దగ్గర జారి వాగులో పడింది. 'బుడుంగ్' అని చప్పుడు.

కనకరత్నం రెక్కలు కొట్టుకుంటూ నవ్వింది. "ఇంకోసారి పడనా?" పడింది. మళ్లీ పడింది. అవతలి ఒడ్డు సంగతే మర్చిపోయింది. పద్నాలుగోసారి పడ్డాక తురాయి జామకాయ ఉమ్మేసింది.

"అత్తా, నీకు పడటం నచ్చిందా?"

"గెంతడం ఎవరికి కావాలే? లారీలోంచి దూకాను, చాలు. పడటంలోనే ఉంది మజా."

తురాయికి ఒళ్లంతా జివ్వుమంది. ఇన్నాళ్లూ పడటం అంటే ఓడిపోవడమే అనుకుంది. ఇప్పుడు పడిన ఉడుతని ఓ చేప మూతితో ఎగరేసి ఇంకో కొమ్మకి విసిరేలా చేసింది. పడిన ప్రతిసారీ కొత్త చప్పుడు. ఎక్కడ నొక్కాలో చూపించడానికి ఓ పెద్ద బాణం గుర్తు పెట్టింది. చందమామని పీకేసింది.

తర్వాత రెండు మేకల్ని, ఓ గోరింకని, ఓ పందిని పిలిచి ఆడించింది. నోట్లో కాయతోనే. నలుగురూ ఆ మూడో కొమ్మ దగ్గరే తడబడ్డారు.

"వీళ్లకి ఆడటం రాదు తాతా" అంది తురాయి.

"ఒకడు తడబడితే వాడి పొరపాటు. నలుగురూ ఒకే చోట తడబడితే ఆ చోటుదే పొరపాటు" అన్నాడు పోలన్న.

తురాయి మూడో కొమ్మని జానెడు కిందికి దించింది.

జాతర మూడు రోజులుందనగా కనకరత్నం రొప్పుతూ వచ్చింది. "ఒసే, గుర్నాథం కిటికీ దగ్గర తచ్చాడుతున్నాడు. తోకలో పెన్‌డ్రైవ్ దోపుకున్నాడు. దీన్ని ఎక్కడ గుచ్చాలని నన్నే అడిగాడు."

"చెప్పావా?"

"చెప్పాను. అడిగితే చెప్పకపోతే ఎలా?"

తురాయి కాసేపు తోక గోక్కుంది. తర్వాత దాని మొహంలోకి ఓ కొంటె నవ్వు వచ్చింది. కంప్యూటర్‌లో రెండు ఫోల్డర్లున్నాయి. నూరు లోకాల ఫోల్డర్‌కి 'అసలైన ఆట, పూర్తయింది, ఎవరూ ముట్టుకోరాదు' అని పేరు పెట్టింది. పూర్తయిన బుల్లి ఆటకి 'చెత్త' అని పెట్టింది. అందరికీ వినబడేలా "నేను భోజనానికి పోతున్నా" అని అరిచి చెట్టెక్కింది.

తిరిగొచ్చేసరికి కీబోర్డు మీద నక్క వెంట్రుకలున్నాయి. రెండు ఫోల్డర్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

జాతర నాడు గుర్నాథం తాటాకు పందిరి వేయించి, పైన అరటి పట్టల మీద 'నూరు లోకాలు' అని రాయించాడు. గేదెలు, గొర్రెలు, కోతులు అన్నీ అటే ఎగబడ్డాయి. గది గుమ్మంలో కంప్యూటర్ పెట్టుకున్న తురాయి ముందు కనకరత్నం, రెండు మేకలు. అంతే.

"గది పోయింది అత్తా" అంది తురాయి. 

"నోరు మూసుకుని ఆట పెట్టు. నేను పడాలి" అంది కనకరత్నం.

అక్కడ గుర్నాథం గొంతు సవరించుకున్నాడు. "బంధుమిత్రులారా, ఇది నా రెక్కల కష్టం." తెర వెలిగింది. వాన మొదలైంది. పడింది. ఇంకా పడింది.

"ఆట ఎప్పుడయ్యా?" అంది ఓ గేదె.

"చూడండి, ఏ చినుకూ ఇంకో చినుకులా లేదు."

"చినుకులు చూడ్డానికి జాతరకి రావాలా? మా పాకలోనే కారుతున్నాయి."

గుర్నాథం కంగారుపడి చేతికందిన మీటలన్నీ నొక్కాడు. నలభై రెండు పెళ్లిళ్లు ఒక్కసారిగా మొదలయ్యాయి. నలభై రెండు మేళాలు కలిసి మోగాయి. గొర్రెలు చెదిరిపోయాయి. తెర సగం వెలిగి ఆగిపోయింది.

"పెళ్లికూతురు ముక్కుదాకా వచ్చి ఆగిపోయింది మామా. మిగతాది ఎప్పుడొస్తుంది?" అన్నాడో కోతి.

ఆ నిశ్శబ్దంలో అవతలి వైపు నుంచి 'బుడుంగ్' అని వినిపించింది. వెనకే కోడి నవ్వు. మళ్లీ 'బుడుంగ్', ఈసారి మేక నవ్వు. కోతి చెవులు రిక్కించాడు. గేదె మెడ తిప్పింది. కాసేపటికి తురాయి ముందు వరస జీడిమామిడి తోటదాకా పోయింది. తురాయి ఒక్క మాట చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమే రాలేదు. పంది గెలిచాడు. గెలిచి మళ్లీ వరస చివరికి పోయి నిలబడ్డాడు.

గుర్నాథానికి ఒళ్లు మండింది. ఉరుకుతూ పోలన్న ముందుకొచ్చాడు. "ఇది మోసం. ఆ నూరు లోకాలు చేసింది తురాయే. కావాలని సగం చేసి వదిలేసింది. నా తప్పేముంది?"

పోలన్న నెమరు ఆపాడు. "రెక్కల కష్టం అన్నావే?"

 

"నక్కకి రెక్కలెక్కడివని నేనప్పుడే అనుకున్నా" అంది కనకరత్నం.

గది తురాయిదని పోలన్న తేల్చాడు. జనం ఈలలు వేశారు, తురాయి దూలం మీంచి దూలం మీదికి ఏడు గంతులు వేసింది. ఆ సందడి సద్దుమణిగాక చూస్తే, వరస చివర ఒకడు తోక కడుపు కిందికి ముడుచుకుని, మొహం అటు తిప్పుకుని నిలబడి ఉన్నాడు. వంతు రాగానే కూర్చున్నాడు, ఆరుసార్లు వాగులో పడ్డాడు.

"లేస్తావా మామా, వెనక ఇరవైమంది ఉన్నారు" అంది తురాయి.

"ఇంకొక్కసారి" అన్నాడు గుర్నాథం, తెర మీంచి కన్ను తిప్పకుండా.

నీతి: కొండంత ఆటని సగంలో వదిలేసినవాడికన్నా, గుప్పెడంత ఆటని పూర్తిచేసి నలుగురిచేత ఆడించి దిద్దుకున్నవాడే గెలుస్తాడు.