మంచులో పడిన గోల్

అనగనగా పిల్లలూ, పొద్దెక్కేదాకా మంచు దుప్పటి కప్పుకుని నిద్రపోయే ఒక అడవి ఉండేది. ఆ మంచులోనే కుందేళ్లూ జింకలూ ఫుట్‌బాల్ ఆడేవాళ్లు. ఆటే వాళ్ల పని. చూడవచ్చినవాళ్లు తెచ్చే పళ్లే వాళ్ల తిండి.

అంత మంచులో చూసేవాళ్లకు ఏం కనబడుతుంది చెప్పండి? బంతి తేలుతున్నట్టుండేది. ఆటగాళ్లు కలలోలాగా వచ్చి మాయమయ్యేవాళ్లు. అందుకే అక్కడ ఒక పద్ధతి ఉండేది. బంతి రెండు పుట్టల మధ్య నుంచి దాటితే, కొట్టినవాళ్లే "గోల్!" అని అరిచేవాళ్లు. అందరూ నమ్మి చప్పట్లు కొట్టేవాళ్లు.

కుందేళ్ల నాయకుడు చెంగయ్య. ఎంత బాగా ఆడేవాడో! అయినా జింకల నాయకురాలు జాజి చేతిలో ఓడిపోతూనే ఉండేవాడు. జాజి గిట్టతో నేల మీద కొట్టి తన జట్టుకు గుర్తులు చెప్పేది. అవి జింకలకే తెలుసు. ఒకరి సాధనను ఇంకొకరు పొంచి వినకూడదని రెండు జట్లూ మాట ఇచ్చుకున్నాయి.

ఒక సాయంత్రం చెంగయ్య ఆ మాట తప్పాడు. జింకలు సాధన చేస్తుంటే గడ్డిలో నక్కి, చెవులు రిక్కించి విన్నాడు. ఒక్క దెబ్బంటే బంతి ఎడమకు. రెండంటే కుడికి.

"తప్పు కదా అన్నా?" అంది జట్టులోనే ఆడే చెల్లెలు దూది.

"నువ్వూరుకోవే! మనకు గెలుపు కావాలి," అన్నాడు చెంగయ్య. మొండిఘటం, వింటేగా!

మొదటి ఆట గెలిచారు. రెండో ఆటా గెలిచారు. జాజికి అనుమానం వచ్చింది. తన జట్టుకు ముందే చెప్పి, మూడో ఆటలో ఒక్క దెబ్బ కొట్టి బంతిని కుడికి పంపింది. సరిగ్గా అప్పుడే మంచు కాస్త విడింది. చూస్తే ఏముంది, కుందేళ్లన్నీ ఎడమ పక్క ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి!

"బంతి లేని చోటికి అంతా ఎందుకు పరిగెత్తారు నాయనా?" అని అడిగాడు ఆట పెద్ద డిప్పయ్య తాబేలు.

చెంగయ్య తల దించుకుని నిజం చెప్పేశాడు. చూడవచ్చినవాళ్లలో చాలామంది తమ పళ్లబుట్టలు ఎత్తుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత చెంగయ్య బుద్ధిగా ఆడాడు. ఒక ఉదయం, దట్టమైన మంచులో, గాలిలోకి లేచి బంతిని తన్నాడు. అది మెల్లగా తేలుతూ, తేలుతూ, పుట్టల మధ్య నుంచి దాటిపోయింది. అంత అందమైన గోల్ అతను తన జన్మలో కొట్టలేదు.

"గోల్!" అని అరిచాడు.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

"ఎవరైనా చూశారా?" అని అడిగాడు డిప్పయ్య.

పుట్టల దగ్గర కాపలా ఉన్నది జాజే. "నేను జారి పడ్డాను తాతా, చూడలేదు," అంది. చెంగయ్య వైపు తిరిగి, "ఇదివరకైతే నీ మాట చాలేది చెంగయ్యా," అంది.

డిప్పయ్య గోల్ ఇవ్వలేదు.

ఇంటికెళ్తూ చెంగయ్య ఏడ్చేశాడు. పాపం, దూదికి జాలేసింది. అన్న పక్కన నడుస్తూ కన్నీళ్లు తుడిచింది. నెమ్మదిగా అడిగింది.

"నిజంగానే పడిందా, అన్నా?"

నీతి: మోసంతో గెలిచినవాడు నిజంగా గెలిచిన రోజున కూడా ఎవరూ నమ్మరు, సొంతవాళ్లు కూడా.